గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్

సర్ గాడ్‌ఫ్రే న్యూబోల్డ్ హౌన్స్‌ఫీల్డ్ (1919 ఆగష్టు 28 - 2004 ఆగష్టు 12) ఆంగ్లేయ ఎలక్ట్రికల్ ఇంజనీరు, సీటీ స్కాను యంత్ర నిర్మాత. ఈ కృషికి గాను 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని అలన్ కార్మాక్‌తో కలసి అందుకొన్నాడు. శరీరంలోని కణజాలాలు ఎక్స్-కిరణాలను ఎంతమేరకు అడ్డగిస్తాయో తెలిపే కొలమానానికి ఈయన పేరే పెట్టారు. హైదరాబాదు తూర్పు దిక్కున ఉప్పల్‌లో గాని, నాచారంలో గాని, మరెక్కడైనా గాని తీసిన సీటీ స్కాను నివేదికలో అంకెల పక్కన కనిపించే హెచ్‌యూ అనే పొట్టి అక్షరాలు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అన్నదానికి సంక్షిప్త రూపం. గుండెకు రక్తాన్ని అందించే ధమనులలో కాల్షియం పేరుకొన్నదా, ఎంత పేరుకొన్నది అనే ప్రశ్నకు సమాధానం ఈ యూనిట్ల ఆధారంగానే చెబుతారు. అయితే ఆ ధమని లోపల దారి ఎంత ఇరుకైనది అనే రెండవ ప్రశ్నకు అంత నిక్కచ్చిగా సమాధానం రాకపోవడానికి కారణం కూడా ఆ కాల్షియమే. ఈ వ్యాసంలో ఈయన జీవితంతో పాటు ఆ విషయమూ వివరించబడినది.

బాల్యము, విద్యాభ్యాసము

హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లాండులోని నాటింగ్‌హాంషైర్‌లో న్యూఆర్క్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ వ్యవసాయదారుడు. ఐదుగురు సంతానంలో ఈయనే కడపటివాడు. పల్లెటూరి పొలం మధ్య పెరిగినందువల్ల తోటి పిల్లల సహవాసం తక్కువ, యంత్రాలతో సహవాసం ఎక్కువ. పొలంలోని పనిముట్లు, విద్యుత్ పరికరాలు విప్పి చూడడం, గడ్డివాముల మీదనుంచి స్వయంగా కట్టుకొన్న గ్లైడరుతో దూకడం, తారు పీపాలలో నీరు నింపి ఎసిటిలీన్ వాయువుతో పైకి ఎగురవేయడం వంటి సాహసాలు చేశాడు. ఈ చివరి ప్రయోగంలో ప్రాణాలు దక్కడం అదృష్టమనే చెప్పాలి.

న్యూఆర్క్‌లోని మాగ్నస్ గ్రామర్ స్కూలులో చదివాడు. గణితం, భౌతికశాస్త్రం తప్ప మిగిలిన పాఠ్యాంశాలలో సామాన్య విద్యార్థి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి తగినంతగా రాణించలేదు. పరీక్షలలో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడిని ఎందుకూ కొరగానివాడని తేల్చే అలవాటున్న పెద్దలు ఈ విషయం గమనించవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యే ముందు రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో స్వచ్ఛందంగా చేరాడు. అక్కడే రేడియో, రాడార్ విద్యలు నేర్చుకొని, క్రాన్‌వెల్‌లోని రాడార్ పాఠశాలలో బోధకుడయ్యాడు. బోధన కొరకు ఈయన తయారుచేసిన పెద్ద తెర గల ఆసిలోస్కోపు, ఇతర ప్రదర్శన పరికరాలు పై అధికారుల దృష్టిని ఆకర్షించాయి. యుద్ధానంతరం ఒక వైమానిక దళాధికారి చొరవతో విద్యార్థి వేతనం లభించి, లండనులోని ఫారడే హౌస్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కళాశాలలో డిప్లొమా పూర్తిచేశాడు. ఇదే ఈయన ఉన్నత విద్య. డాక్టరేటు పట్టా లేదు.

ఈఎంఐ సంస్థలో

తరువాత మిడిల్‌సెక్స్‌లోని హేస్‌లో ఉన్న ఈఎంఐ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. గ్రామఫోను రికార్డుల వల్ల మన దేశంలోనూ ఈ సంస్థ పేరు ప్రసిద్ధమే గాని, దానికి ఎలక్ట్రానిక్స్ విభాగం కూడా ఉండేది. మొదట రాడారు, క్షిపణి నియంత్రణ పరికరాల మీద పనిచేశాడు. 1958 ప్రాంతంలో ఈఎంఐడెక్ 1100 అనే కంప్యూటరు రూపకల్పన బృందానికి నాయకుడయ్యాడు. బ్రిటనులో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నిర్మించిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. అప్పటి ట్రాన్సిస్టర్లు చాలా మందకొడివి. వాటిని అయస్కాంత కోర్ల సహాయంతో వేగంగా నడిపించే ఉపాయం ఈయనదే. తరువాత చేపట్టిన కంప్యూటర్ జ్ఞాపకశక్తి పథకం వ్యాపారపరంగా లాభసాటి కాదని సంస్థ నిలిపివేసినది. కొత్త పని ఏదైనా ఆలోచించుకొమ్మని ఈయనకు వ్యవధి ఇచ్చినది.

ఆ విరామంలో 1967 ప్రాంతంలో, పల్లె దారులలో కాలినడకన తిరుగుతుండగా ఈ ఆలోచన తట్టినది. మూసి ఉన్న ఒక పెట్టె గుండా అన్ని దిక్కుల నుండి ఎక్స్-కిరణాలు పంపి, ప్రతి కిరణం ఎంత బలహీనపడి బయటకు వచ్చినదో కొలిస్తే, ఆ కొలతలన్నిటినీ లెక్కగట్టి పెట్టె తెరవకుండానే లోపలి వస్తువులను గుర్తించవచ్చును. సాధారణ ఎక్స్‌రే ఫిలింలో ముందున్న ఎముక, వెనుకనున్న అవయవం ఒకదానిపై ఒకటి పడి కలసిపోతాయి. ఈ పద్ధతిలో అట్లా కాదు. శరీరాన్ని ఒక పలుచని పొరగా భావించి, ఆ పొరను చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక సంఖ్యను నిర్ణయించడం జరుగుతుంది. తెరపై కనిపించే బొమ్మ ఆ సంఖ్యలకు నలుపు తెలుపు రంగులు వేసిన పట్టిక మాత్రమే. విద్యార్థులు ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. గుండె ధమనుల విషయంలో తరువాత వచ్చే చిక్కంతా ఈ గడుల పరిమాణం వల్లనే.

1968లో పేటెంటు దరఖాస్తు చేశాడు. ప్రయోగశాలలో పాత లేతు యంత్రపు పట్టా మీద తొలి నమూనా అమర్చాడు. అమెరీషియం అనే రేడియోధార్మిక మూలకం నుండి వచ్చే గామా కిరణాలు బలహీనమైనవి కావడంతో, ఒక్క పొరకు అవసరమైన 28,000 కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు పట్టినది. వాటిని లెక్కించడానికి కంప్యూటరుకు మరి రెండున్నర గంటలు. ఎక్స్-కిరణ నాళికను అమర్చిన తరువాత తొమ్మిది రోజుల పని తొమ్మిది గంటలకు తగ్గినది. నిల్వచేసిన మానవ మెదడు, తరువాత మాంసపు దుకాణం నుండి తెచ్చిన ఎద్దు మెదడు ఈ యంత్రం క్రింద పరీక్షింపబడ్డాయి.

బీటిల్స్ గాయక బృందం రికార్డుల అమ్మకం సొమ్ముతోనే సీటీ స్కాను తయారైనదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినడానికి బాగున్నా, తరువాతి పరిశోధనలో తేలినదేమంటే బ్రిటిష్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ వెచ్చించిన ధనం ఈఎంఐ వెచ్చించినదాని కంటే చాలా ఎక్కువ.

తొలి రోగి

లండనులోని వింబుల్డన్‌లో ఉన్న ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రి రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ ఈ యంత్రానికి వైద్యుల పక్షాన అండగా నిలిచాడు. 1971 అక్టోబరు 1న మెదడు ముందు భాగంలో కణితి ఉన్నదని అనుమానించిన ఒక మహిళకు తొలి స్కాను తీశారు. ఆసుపత్రిలో కంప్యూటరు లేదు. కొలతల టేపులను ఈఎంఐకి పంపి, అక్కడ లెక్కకట్టించి బొమ్మను తెప్పించుకోవలసి వచ్చినది. బొమ్మలో గుండ్రని మచ్చ స్పష్టంగా కనిపించినది. శస్త్రచికిత్సలో అది అదే స్థానంలో ఉన్నట్లు తేలినది. 1972 ఏప్రిల్‌లో ఈ ఆవిష్కరణను లోకానికి వెల్లడించారు.

ఆ తొలి యంత్రపు బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులు మాత్రమే ఉండేవి. ఒక్కొక్క గడి సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక పరిశీలనకు దాదాపు ఐదు నిమిషాలు పట్టేది. కదలని తలకు ఇది సరిపోయినది. గుండె మాట వేరు. నిమిషానికి 70 సార్లు కొట్టుకొనే గుండె ఆ ఐదు నిమిషాలలో 350 సార్లు కదులుతుంది. దాని ప్రధాన ధమనుల లోపలి వ్యాసం మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే, అనగా ఆ యంత్రానికి ఒక్క గడి.

1974 చివరలో శరీరం మొత్తాన్ని చూడగల నమూనాలో ఈయన స్వయంగా పడుకొని తన పొట్టను స్కాను చేయించుకొన్నాడు. 1975లో శరీర స్కానరు వెలువడినది. కొద్ది సంవత్సరాలలోనే ఇతర సంస్థల పోటీ తట్టుకోలేక ఈఎంఐ ఈ వ్యాపారం నుండి తప్పుకొన్నది.

కార్మాక్, నోబెల్ బహుమతి

దక్షిణాఫ్రికాలో జన్మించిన భౌతికశాస్త్రవేత్త అలన్ కార్మాక్ ఇదే సమస్యకు గణిత పరిష్కారాన్ని 1963, 1964లలో ప్రచురించాడు. దానిని ఎవరూ పట్టించుకోలేదు. హౌన్స్‌ఫీల్డ్‌కు కూడా ఆ సంగతి తెలియదు. నిజానికి ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడన్ 1917లోనే దీనికి మూలమైన సిద్ధాంతం చెప్పి ఉన్నాడు. అది కార్మాక్‌కు తెలియదు. ఒకే బావిని ముగ్గురు మూడు చోట్ల నుండి త్రవ్వినట్లయినది. 1979లో బహుమతి హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు సమానంగా లభించినది. ఇద్దరికీ డాక్టరేటు లేదు, ఇద్దరూ వైద్యులు కారు.

నోబెల్ ఉపన్యాసంలో ఈయన భవిష్యత్తును గురించి చెబుతూ, గుండె ధమనులను చూడడం కూడా ప్రత్యేక పరిస్థితులలో సాధ్యం కావచ్చునని సూచించాడు. అప్పటి యంత్రాల వేగం తెలిసినవారికి అది అత్యాశగానే తోచి ఉంటుంది. హామీ ఇవ్వకుండా, కావచ్చును అని మాత్రమే అనడం ఈయన స్వభావానికి తగినట్లే ఉన్నది.

1975లో రాయల్ సొసైటీ సభ్యత్వము, లాస్కర్ పురస్కారము, 1981లో సర్ బిరుదము లభించాయి. వివాహం చేసుకోలేదు. ఆడంబరం లేని జీవితం. కాలినడకన కొండలు తిరగడం, పియానో వాయించడం ఇష్టమైన వ్యాపకాలు. 1986లో పదవీ విరమణ చేశాడు. 2004 ఆగష్టు 12న, 85వ పుట్టినరోజుకు పదహారు రోజుల ముందు, కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌లో మరణించాడు. గుండె ధమనులను చూడడానికి నేటికీ ప్రామాణికంగా ఉన్న 64 పొరల స్కానరు విపణిలోకి వచ్చినది కూడా 2004లోనే.

హౌన్స్‌ఫీల్డ్ కొలమానము, గుండె ధమనులు

ఈ కొలమానంలో నీటికి సున్న, గాలికి ఋణ 1000. క్రొవ్వు సున్నకు దిగువన, ఋణ 100 ప్రాంతంలో ఉంటుంది. కండ, రక్తం సున్నకు కొంచెం ఎగువన, 40 ప్రాంతంలో ఉంటాయి. ఎముక కొన్ని వందల నుండి వేయి దాటుతుంది. ధమని గోడలో క్రొవ్వు, తంతువులు చేరి ఏర్పడే పూడికలో కాలక్రమాన కాల్షియం పేరుకొంటుంది. ఎముక వలెనే అదీ స్కానులో తెల్లగా మెరుస్తుంది.

1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయన సహచరులు దీనిని లెక్కించే పద్ధతిని ప్రకటించారు. మందు ఎక్కించకుండా తీసిన స్కానులో 130 యూనిట్లు దాటిన ప్రతి మచ్చను కాల్షియంగా లెక్కిస్తారు. మచ్చలోని అత్యధిక విలువ 130 నుండి 199 వరకు ఉంటే దాని వైశాల్యాన్ని ఒకటితో, 200లలో ఉంటే రెండుతో, 300లలో ఉంటే మూడుతో, 400 ఆపైన ఉంటే నాలుగుతో గుణిస్తారు. ఉదాహరణకు 5 చదరపు మిల్లీమీటర్ల మచ్చలో అత్యధిక విలువ 420 అయితే దానికి 20 అంకెలు. ఇట్లా అన్ని మచ్చలనూ కలిపితే వచ్చేది కాల్షియం స్కోరు. సున్న వస్తే రాబోయే కొన్ని సంవత్సరాలలో గుండెపోటు అవకాశం తక్కువ. 400 దాటితే వ్యాధి విస్తారంగా ఉన్నట్లు. అయితే ఈ స్కోరు ధమని ఎంత ఇరుకైనదో చెప్పదు. గోడలో సున్నం ఎంత ఉన్నదో మాత్రమే చెబుతుంది. కాల్షియం చేరని మెత్తని పూడికను ఈ పరీక్ష అసలే చూడలేదు కనుక, ఛాతీ నొప్పి గల రోగి, ముఖ్యంగా చిన్న వయసువాడు, సున్న చూచి నిశ్చింతగా ఉండరాదు.

ఇరుకును చూడాలంటే చేతి సిరలో అయోడిన్ మందు ఎక్కించి సీటీ యాంజియోగ్రాం తీయాలి. మందు కలిసిన రక్తం 300 - 400 యూనిట్లకు చేరి, ధమని దారి వెలుగుతో నిండినట్లు కనిపిస్తుంది. గుండె కదలికను తగ్గించడానికి ముందుగా మాత్రలిచ్చి నాడి వేగాన్ని నిమిషానికి 60 - 65కు దించుతారు. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. 64 పొరల యంత్రంలో గడి సుమారు అర మిల్లీమీటరు. 3 మిల్లీమీటర్ల ధమనిలో అడ్డంగా ఆరు గడులు, సగం మూసుకొంటే మూడు గడులు. ఒక గడిలో సగం 1000 యూనిట్ల కాల్షియం, సగం 350 యూనిట్ల రక్తం ఉన్నదనుకొందాం. యంత్రం ఆ గడికి ఇచ్చే విలువ సగటు 675. చూచే కంటికి అదంతా కాల్షియంగానే తోస్తుంది. ఇట్లా అంచుల వెంబడి ఒక్కొక్క గడి తెల్లబడితే రాయి దానికన్నా పెద్దదిగా, దారి దానికన్నా సన్ననిదిగా కనిపిస్తుంది. చీకటిలో దూరపు దీపం చుట్టూ కాంతి వలయం ఏర్పడి దీపం పెద్దదిగా అగుపించినట్లే. గుండె కదలిక, గట్టి పదార్థం గుండా పోయినప్పుడు ఎక్స్-కిరణాలలో కలిగే మార్పు ఈ దోషాన్ని మరింత పెంచుతాయి.

ఖచ్చితత్వంపై పరిశోధనలు

2008లో అమెరికాలో 230 మంది రోగులపై జరిగిన అక్యురసీ అధ్యయనంలో, 64 పొరల సీటీ ఫలితాన్ని తొడ ధమని ద్వారా గొట్టం పంపి తీసే యాంజియోగ్రాంతో పోల్చారు. సగానికి పైగా మూసుకొన్న ధమని నిజంగా ఉన్నవారిలో 95 శాతం మందిని సీటీ పట్టుకొన్నది. లేనివారిలో 83 శాతం మందికి లేదని సరిగా చెప్పినది. సీటీ లేదని చెప్పినవారిలో 99 శాతం మందికి నిజంగానే లేదు. కాని కాల్షియం స్కోరు ప్రకారం విడదీసి చూడగా అసలు విషయం బయటపడినది. స్కోరు 400 లోపు ఉన్నవారిలో, లేని జబ్బును లేదని చెప్పగలిగిన పాలు 86 శాతం కాగా, 400 దాటినవారిలో అది 53 శాతానికి పడిపోయినది. అనగా ధమనులలో కాల్షియం బాగా ఉండి తీవ్రమైన ఇరుకు లేని 100 మందిలో 47 మందికి ఇరుకు ఉన్నదని పొరపాటుగా చెప్పే ప్రమాదమున్నది. వారందరూ గొట్టం పంపే పరీక్షకు వెళ్ళవలసినవారే.

అదే సంవత్సరం ఏడు దేశాలలో 291 మందిపై జరిగిన కోర్-64 అధ్యయనంలో స్కోరు 600 దాటినవారిని ముందుగానే ప్రధాన లెక్క నుండి మినహాయించారు. అయినా వ్యాధి ఉన్నవారిలో 85 శాతం మందినే పట్టుకోగలిగినది. లేదని చెప్పినవారిలో 83 శాతం మందికే నిజంగా లేదు. మొదటి అధ్యయనంలో 99, ఇక్కడ 83 ఎందుకు? ఇక్కడ పరీక్షకు వచ్చినవారిలో సగానికి పైగా వ్యాధిగ్రస్తులే. జబ్బు ఎక్కువగా ఉన్న గుంపులో లేదన్న మాటకు విలువ తగ్గుతుంది. కనుక ఒక పరీక్ష ఖచ్చితత్వం యంత్రం మీదనే గాక, దానిముందు ఎవరిని పడుకోబెట్టామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. పత్రికలలో వచ్చే శాతాలు చదివేటప్పుడు ఈ విషయం సాధారణంగా మరచిపోతుంటారు.

స్కాట్లాండులో 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. సాధారణ వైద్యానికి తోడు సీటీ కూడా చేయించుకొన్నవారిలో ఐదేళ్ళలో గుండె జబ్బుతో మరణం లేదా గుండెపోటు 2.3 శాతం, చేయించుకోనివారిలో 3.9 శాతం. సీటీలో పూడిక కనబడినవారికి తగిన మందులు ముందుగా మొదలుపెట్టడమే దీనికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. ఇరుకును అంగుళాల లెక్కన కొలవడం కంటే జబ్బు ఉనికిని ముందుగా తెలుసుకోవడంలోనే ఈ పరీక్ష అధిక ప్రయోజనకారి అని దీనివల్ల తెలుస్తున్నది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన ఫోటాన్ లెక్కింపు స్కానర్లు ఇంకా చిన్న గడులతో బొమ్మ తీయగలవు. కాల్షియం చుట్టూ ఏర్పడే తెల్లని విస్తరణ వీటిలో తక్కువ.

హైదరాబాదులో

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. భూకంప తరంగాలు వేర్వేరు దిక్కుల నుండి వచ్చి చేరే సమయాలను బట్టి భూమి లోపలి పొరల బొమ్మను గీసే భూకంప టోమోగ్రఫీ ఈ సంస్థ పరిశోధనలలో ఒకటి. కిరణాలు వేరు, రోగి వేరు గాని, తెరవరాని పెట్టె లోపల ఏమున్నదో బయటి కొలతలతో తెలుసుకొనే హౌన్స్‌ఫీల్డ్ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

నాచారం పారిశ్రామిక వాడ. అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రికి వచ్చేవారు కర్మాగారాల కార్మికులు, వారి కుటుంబ సభ్యులు. ఇటువంటివారికి ఛాతీ నొప్పి వచ్చినప్పుడు సీటీ చాలునా, గొట్టం పంపే యాంజియోగ్రాం కావాలా అన్నది డబ్బుతో, సెలవులతో ముడిపడిన ప్రశ్న. వయసు తక్కువ, మధుమేహం లేదు, నొప్పి లక్షణం అనుమానాస్పదం అయినప్పుడు సీటీ వల్ల జబ్బు లేదని తేలితే పెద్ద పరీక్ష తప్పుతుంది. వృద్ధులు, దీర్ఘకాల మధుమేహం లేదా మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి ధమనులలో కాల్షియం అధికంగా ఉండే అవకాశముంది కనుక సీటీ తీసినా సందేహం మిగలవచ్చును. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అయోడిన్ మందు విషయంలో అదనపు జాగ్రత్త కూడా అవసరం.

ఇరుకైన ధమనిని విప్పి నిలిపే స్టెంటు విషయంలోనూ హైదరాబాదుకు ఒక స్థానమున్నది. క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హృద్రోగ వైద్య నిపుణుడు బి. సోమరాజు కలసి తక్కువ ధరలో లభించే స్టెంటును రూపొందించారు. 1998లో వెలువడిన దీనిని కలాం-రాజు స్టెంటు అంటారు. క్షిపణుల పని తెలిసిన ఇంజనీరు, ఒక వైద్యుడు కలసి పనిచేయడం హౌన్స్‌ఫీల్డ్, ఆంబ్రోస్‌ల జంటను తలపిస్తుంది. స్టెంటు లోహం కూడా కాల్షియం వలెనే సీటీలో దాని అసలు మందం కంటే లావుగా కనిపిస్తుంది. అందువల్ల 3 మిల్లీమీటర్ల కంటే సన్నని స్టెంటు లోపల మళ్ళీ పూడిక వచ్చినదా లేదా అన్నది సాధారణ సీటీ యంత్రంతో నమ్మకంగా చెప్పడం కష్టం.